హోంవర్కు చేయలేదంటే ఇంట్లో పట్టింపు లేనట్టేనా?

బళ్లారి జిల్లాలో చిన్నపిల్లల హోంవర్కు, తెలుగు తల్లిదండ్రుల మీద పడే మాట: చట్టం ఏమంటోంది, మనం ఏం చేయవచ్చు

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు హోంవర్కు ఇవ్వకూడదని కర్ణాటక విద్యాశాఖ 2019లోనే ఉత్తర్వు ఇచ్చింది. అయినా బళ్లారి, సిరుగుప్ప, కంప్లి, కురుగోడు, సండూరు తాలూకాల్లో చాలా తెలుగు ఇళ్లలో సాయంత్రమైతే ఆరేళ్ల పిల్లల ముందు నోటుపుస్తకం తెరిచి ఉంటుంది. పక్కన కూర్చున్న అమ్మకు అందులో ఉన్న కన్నడ అక్షరాలు రావు. ఇంగ్లీషు మీడియం బడి అయితే ఆ అక్షరాలూ రావు. మర్నాడు పుస్తకం ఖాళీగా బడికి వెళుతుంది. అక్కడ వినపడే మాట మనకు కొత్త కాదు: "ఇంట్లో ఎవరూ పట్టించుకోరు."

ఈ మాట ఒక్కో ఇంటి మీద పడి ఆగదు. కొన్నాళ్లకు కాలనీ మీద, ఆ తర్వాత కులం మీద, భాష మీద పడుతుంది. కూలికి పోయే తెలుగువాళ్లు, తాండాలోని లంబాణీలు, ఉర్దూ మాట్లాడే ఇళ్లు, దళితవాడలు అన్నీ ఒకే గాటన కట్టబడతాయి. "వాళ్ల జాతే అంత, పిల్లల చదువు మీద ధ్యాస ఉండదు" అనే దాకా వస్తుంది. ఈ అభిప్రాయంలో నిజమెంతో, దాని వల్ల పిల్లలకు జరిగే నష్టమేమిటో చూద్దాం.

ఖాళీ పుస్తకం ఏం చెబుతుంది?

ఆరేళ్ల పిల్ల హోంవర్కు పూర్తి కావాలంటే ఇంట్లో కొన్ని ఉండాలి. బడి భాష చదవగలిగిన పెద్దవాళ్లు ఒకరు కావాలి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య వాళ్లు ఇంట్లో, ఖాళీగా ఉండాలి. కూర్చోవడానికి కాస్త చోటు, వెలుతురు ఉండాలి. హోంవర్కు వాట్సాప్‌లో వస్తే ఆ ఫోను నాయన జేబులో కాక ఇంట్లో ఉండాలి.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పుస్తకం ఖాళీగానే ఉంటుంది. పిల్లకు పాఠం వచ్చిందో లేదో ఆ పుస్తకం చెప్పదు. తల్లికి శ్రద్ధ ఉందో లేదో అంతకన్నా చెప్పదు. ఇంటి పరిస్థితి ఎలా ఉందో మాత్రం చెబుతుంది. కాని మార్కు పడేది పిల్లకు, మాట పడేది తల్లికి.

2011 జనగణన నాటికి, అంటే విజయనగర జిల్లా విడిపోక ముందు, ఉమ్మడి బళ్లారి జిల్లాలో అక్షరాస్యత సుమారు 67 శాతం. ఆడవాళ్లలో అది 58 శాతం దగ్గరే ఉంది. ఆ లెక్కలో అక్షరాస్యులంటే ఏదో ఒక భాషలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు. తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లి కూడా ఆ లెక్కలో అక్షరాస్యురాలే. కాని పిల్ల కన్నడ పుస్తకం ముందు ఆమెకు ఆ అక్షరాస్యత అక్కరకు రాదు.

పని వేళలు కూడా చూడాలి. బళ్లారి నగరంలో జీన్స్ కుట్టు మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆడవాళ్లు చాలామంది ప్యాంట్ల దారాలు కత్తిరించే పనిని ఇంటికే తెచ్చుకుంటారు. డజన్ల లెక్కన కూలి. ఆ పనికి సాయంత్రం, రాత్రి తేడా ఉండదు. తుంగభద్ర కాలువ కింద నాట్లు, కోతల కాలంలో తెల్లవారకముందే ఇల్లు వదలాలి. మిరప కోతల రోజుల్లో కుటుంబాలకు కుటుంబాలే ఊళ్లు దాటి పోతాయి. అప్పుడు పిల్లల పక్కన ఉండేది అవ్వో తాతో. వాళ్లను హోంవర్కు చేయించమనడం ఎంతవరకు న్యాయం?

ఈ తెలుగువాళ్లు ఎక్కడినుంచో వచ్చినవారు కారు

పరిచయం లేని ఉపాధ్యాయులు కొందరు జిల్లాలోని తెలుగువారందరినీ ఆంధ్ర నుంచి వలస వచ్చినవారని అనుకుంటారు. అందుకే "వచ్చినవాళ్లు ఇక్కడి భాష నేర్చుకోవద్దా" అనే ప్రశ్న వస్తుంది. చరిత్ర వేరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాను విడగొట్టారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి. బళ్లారితో సహా మిగిలిన భాగం మైసూరు రాష్ట్రంలో కలిసింది. మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు, గీత మారింది. తెలుగు నాటకానికి పెద్ద పేరు తెచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ ఈ ఊళ్లోనే పనిచేశారు.

ఇలా గీతకు అవతల పడ్డ భాషల కోసమే 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు. భాషాపరమైన మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. కర్ణాటక పాఠ్యపుస్తక సంఘం తెలుగులో కూడా పుస్తకాలు అచ్చు వేస్తోంది. జిల్లాలో తెలుగు మాధ్యమం బడులూ ఉన్నాయి. కాని మన పిల్లల్లో చాలామంది చదివేది కన్నడ లేదా ఇంగ్లీషు మాధ్యమంలోనే. కన్నడ భాషా బోధన చట్టం 2015 ప్రకారం కన్నడ ఎలాగూ నేర్చుకోవాలి. పిల్లలు కన్నడ నేర్చుకోవడం మంచిదే, ఈ నేల మీద బతకడానికి అవసరం కూడా. ఆ నేర్పే భారం బడి మీద ఉందా, కన్నడ రాని తల్లి మీద ఉందా అన్నదే ప్రశ్న.

అమెరికాలో ఒక మాట, ఇక్కడ ఇంకో మాట

హోంవర్కును బట్టి తల్లిదండ్రుల్ని తూచడం మన జిల్లాకే పరిమితం కాదు. అమెరికాలో నల్లజాతి తల్లిదండ్రుల మీద, మెక్సికో వంటి దేశాలనుంచి వెళ్లిన కుటుంబాల మీద సరిగ్గా ఇదే ముద్ర ఉంది: పిల్లల చదువు పట్టదని. కీత్ రాబిన్సన్, ఏంజెల్ హ్యారిస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అక్కడి దశాబ్దాల సర్వే వివరాలను పరిశీలించి 2014లో ఒక పుస్తకం వెలువరించారు. నల్లజాతి, హిస్పానిక్ తల్లిదండ్రులు చదువుకు ఇచ్చే విలువ తెల్లవారు ఇచ్చేదానికంటే తక్కువేమీ కాదని అందులో తేలింది. ఇంకో సంగతి కూడా తేలింది. తల్లిదండ్రులు పక్కన కూర్చుని హోంవర్కు చేయించడం వల్ల పిల్లల మార్కులు పెద్దగా పెరగడం లేదు. కొన్నిచోట్ల తగ్గాయి కూడా. చిన్నప్పుడు చదివి వినిపించడం, పెద్దయ్యాక ఏం చదవాలో మాట్లాడటం వంటివి కాస్త మేలు చేశాయి.

జెస్సికా కాలార్కో, మరో ఇద్దరు పరిశోధకులు 2022లో ఉపాధ్యాయుల వైపు నుంచి ఇదే విషయాన్ని చూశారు. ఇళ్లలో పరిస్థితులు ఒకలా లేవని ఉపాధ్యాయులకు తెలుసు. అయినా హోంవర్కు రాకపోతే అది బాధ్యత లేకపోవడమేనని పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ తప్పుపట్టడం వారు గమనించారు.

అదే అమెరికాలో మన తెలుగువాళ్ల మీద ఉన్న ముద్ర దీనికి పూర్తిగా ఎదురు. భారతీయ తల్లిదండ్రులంటే పిల్లల్ని చదువుకోసం పీడిస్తారని, వాళ్ల పిల్లలకు లెక్కలు పుట్టుకతో వస్తాయని అక్కడ అనుకుంటారు. గత రెండు దశాబ్దాల్లో అక్కడి జాతీయ స్పెల్లింగ్ పోటీల విజేతల్లో ఎక్కువమంది భారత సంతతి పిల్లలే, వారిలో తెలుగు పేర్లు చాలా కనిపిస్తాయి. ఆ పేర్లు చూసి ఆ ముద్ర ఇంకా గట్టిపడింది.

అంటే ఒకే భాష మాట్లాడే మనుషుల్ని డల్లాస్‌లో చదువు పిచ్చివాళ్లని, సిరుగుప్ప దగ్గర పల్లెలో చదువు పట్టనివాళ్లని అంటున్నారు. రెండూ నిజం కావడానికి వీల్లేదు. తేడా జాతిలో లేదు. అమెరికాకు వెళ్లినవారిలో ఎక్కువమంది డిగ్రీలున్నందువల్లే వీసా పొందినవాళ్లు. వారికి బడి భాష ఇంగ్లీషు వచ్చు, నెల జీతం ఉంది, సాయంత్రం ఇంట్లో ఉండగలరు. ఈ మూడూ ఇస్తే సిరుగుప్ప తల్లి కూడా హోంవర్కు చేయిస్తుంది. ఈ మూడూ తీసేస్తే డల్లాస్ తల్లి పిల్లవాడి పుస్తకమూ ఖాళీగానే వెళుతుంది.

మన దేశం విషయంలో కూడా ఇది పాతికేళ్ల కిందటే తేలింది. 1999లో వెలువడిన ప్రోబ్ నివేదిక ఉత్తరాది రాష్ట్రాల పల్లెల్లో తల్లిదండ్రులను అడిగి చూసింది. మగపిల్లలకు చదువు ముఖ్యమని 98 శాతం, ఆడపిల్లలకు ముఖ్యమని 89 శాతం చెప్పారు. పేదవాళ్లకు చదువు పట్టదనేది అపోహ అని ఆ నివేదిక తేల్చింది.

అసలు చిన్నపిల్లలకు హోంవర్కు అవసరమా?

హోంవర్కు లేకపోతే పిల్లలు వెనకబడతారని మనలో చాలామందికి భయం. హోంవర్కు ఎక్కువిచ్చే ప్రైవేటు బడే మంచి బడి అనే నమ్మకమూ ఉంది. ఈ భయానికి ఆధారం తక్కువ. హ్యారిస్ కూపర్ బృందం 2006లో అంతకుముందు పదిహేనేళ్లకు పైగా జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. హోంవర్కుకూ చదువులో ఫలితానికీ ఉన్న సంబంధం హైస్కూలు వయసులో బలంగా, చిన్న తరగతుల్లో చాలా బలహీనంగా కనిపించింది.

మన దేశంలో యశ్‌పాల్ కమిటీ 1993లోనే చదువు పిల్లలకు మోయలేని భారంగా మారిందని హెచ్చరించింది. 2018 మే నెలలో మద్రాసు హైకోర్టు ఒకటి, రెండు తరగతులకు హోంవర్కు వద్దని తీర్పు ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం అన్ని రాష్ట్రాలకూ ఇదే సూచన పంపింది. 2019లో కర్ణాటక ఉత్తర్వు వచ్చింది. 2020లో కేంద్రం ప్రకటించిన స్కూలు బ్యాగు విధానం లెక్క ఇలా ఉంది:

ఒకటి, రెండు తరగతులు: హోంవర్కు లేదు.

మూడు నుంచి ఐదు వరకు: వారానికి ఎక్కువలో ఎక్కువ రెండు గంటలు. రోజుకు కాదు, వారానికి.

ఆరు నుంచి ఎనిమిది వరకు: రోజుకు గంటకు మించకూడదు.

తొమ్మిది, పది: రోజుకు రెండు గంటలకు మించకూడదు.

చిన్న తరగతుల్లో హోంవర్కుకు బదులు ఏం చేయాలో కూడా ఆ విధానం చెప్పింది. నిన్న సాయంత్రం ఏం చేశారు, ఏ ఆట ఆడారు, ఏం తిన్నారు అని పిల్లలచేత తరగతిలో మాట్లాడించమంది. దీనికి తల్లికి కన్నడ రావాల్సిన పని లేదు. జొన్నరొట్టె తిన్న పిల్లా, పూరీ తిన్న పిల్లా సమానంగా జవాబు చెప్పగలరు.

కర్ణాటక ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి మూడో తరగతి వరకు నడిచే నలికలి పద్ధతి ఆలోచన కూడా ఇదే. కార్డులు, ఆటలు, పాటలతో పిల్లలు బడిలోనే, తమ వేగంతో నేర్చుకోవాలి. ఈ పద్ధతి 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటెలో మొదలైంది. దానికి దారి చూపినవి మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ వారు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడులు. తెలుగు పల్లెల్లో పుట్టిన పద్ధతి కన్నడ బడికి వచ్చిందన్నమాట. అది సరిగ్గా నడిస్తే ఇంట్లో అక్షరం రాని పిల్ల కూడా వెనకబడకూడదు.

ఇంట్లో ఉన్న చదువు

1990ల మొదట్లో అమెరికాలోని టూసాన్ నగరంలో లూయిస్ మోల్, ఆయన సహచరులు ఒక పని చేశారు. మెక్సికో నుంచి వచ్చిన కూలీల ఇళ్లకు ఉపాధ్యాయులను పంపారు. తప్పులు వెతకడానికి కాదు, ఆ ఇంటివాళ్లకు ఏం తెలుసో అడిగి తెలుసుకోవడానికి. వ్యవసాయం, గనుల పని, ఇల్లు కట్టడం, మందుమొక్కలు, బేరసారాలు వంటి ఎంతో తెలివి ఆ ఇళ్లలో కనిపించింది. ఒక పిల్లవాడు మిఠాయిలు అమ్ముతున్నాడని తెలిసి, ఆ ఉపాధ్యాయురాలు మిఠాయి మీదే లెక్కలు, విజ్ఞానశాస్త్రం పాఠాలు నడిపారు. ఒక తల్లి తరగతికి వచ్చి మిఠాయి చేసి చూపింది.

మన ఇళ్లలో ఏం తక్కువ? దారాలు కత్తిరించే తల్లికి డజను, అర డజను, కూలి లెక్క నోటి మీద ఉంటాయి. మిరపకాయలు ఎండబెట్టే ఇంట్లో తూకం, తేమ, ధర గురించి రోజూ మాటలు నడుస్తాయి. సండూరు గనుల్లో పనిచేసిన నాయనకు రాయి రంగు చూస్తే ఇనుము ఎంతుందో అంచనా ఉంటుంది. అవ్వకు పొడుపుకథలు, శతక పద్యాలు వచ్చు. ఇదంతా చదువే. బడి దీన్ని అడగదు కాబట్టి మనమూ చదువు కిందకు లెక్కవేయం.

కన్నడ రాకపోయినా చేయగలిగినవి

పిల్లల్ని బడిలో ఏం జరిగిందో తెలుగులోనే అడగండి. కన్నడ పాఠాన్ని తెలుగులో చెప్పగలిగితే ఆ పాఠం వాళ్లకు అర్థమైనట్టే. ఒక భాషలో అర్థమైన సంగతి రెండో భాషలోకి తేలిగ్గా వెళుతుంది.

తెలుగు చదవగలిగిన తల్లిదండ్రులకు ఇంకో వెసులుబాటు ఉంది. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుంచి విడిపోయాయి. క, త, శ వంటి కొన్ని అక్షరాలు, తలకట్టు వేరుగా ఉంటాయి. మిగతావి చాలా వరకు పోల్చుకోవచ్చు. పిల్ల పక్కన రోజూ పది నిమిషాలు కూర్చుంటే కొన్ని వారాల్లో అక్షరాలు పట్టుబడతాయి. మీరు నేర్పనక్కర్లేదు, పిల్లే మీకు నేర్పుతుంది. నేర్పే పిల్లకు పాఠం మరింత గట్టిపడుతుంది.

మాటల్లోనూ చుట్టరికం ఉంది. తెలుగులో ప తో మొదలయ్యే పాత మాటలు చాలా కన్నడలో హ తో మొదలవుతాయి. పాలు అక్కడ హాలు. పులి హులి. పువ్వు హూవు. పాము హావు. పది హత్తు. పొగ హొగె. దీన్ని ఒక ఆటలా ఆడించండి. కన్నడ పరాయి భాష కాదని, అమ్మ భాషకు చెల్లెలని పిల్లకు తెలుస్తుంది.

ఎక్కాలను కన్నడలో మగ్గి అంటారు. తెలుగులో ఎక్కాలు వచ్చిన పిల్లకు లెక్క వచ్చినట్టే, కన్నడ అంకెల పేర్లు నేర్చుకుంటే చాలు.

బడితో ఎలా మాట్లాడాలి?

ఉపాధ్యాయులందరినీ తప్పుపట్టడం కూడా ఒక ముద్రే అవుతుంది. ఒకే గదిలో రెండు మూడు తరగతులు, నాలుగు ఇంటి భాషల పిల్లలు. ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చిన టీచరుకు తెలుగు రాకపోవచ్చు. మన పరిస్థితి వాళ్లకు మనం చెప్పకపోతే తెలియదు. సిగ్గుపడి మీటింగుకు పోకపోవడం వల్ల "పట్టింపు లేదు" అనే మాటే బలపడుతుంది.

విద్యాహక్కు చట్టం 2009 కొన్ని సంగతులు స్పష్టంగా చెప్పింది. ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, ప్రగతి చెప్పాలి. వెనకబడిన పిల్లలకు అదనంగా బోధించాలి. బోధన వీలైనంతవరకు మాతృభాషలో ఉండాలి. పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషిద్ధం. హోంవర్కు చేయలేదని తరగతి ముందు నిలబెట్టి తల్లిదండ్రుల్ని తిట్టడం కూడా వేధింపే. ప్రభుత్వ బడుల కమిటీలో, మన దగ్గర ఎస్‌డీఎంసీ అంటాం, నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. మన కాలనీ నుంచి ఆ కమిటీలో ఎవరైనా ఉన్నారా? లేకపోతే ఈసారి ఒక తల్లిని నిలబెట్టండి.

టీచరుతో కన్నడలో మాట్లాడటానికి ఈ రెండు వాక్యాలు చాలు: "నమగె కన్నడ ఓదలు బరువుదిల్ల. ఏను మాడిసబేకు అంత బాయల్లి హేళి, మాడిసుత్తేవె." మాకు కన్నడ చదవడం రాదు, ఏం చేయించాలో నోటితో చెప్పండి, చేయిస్తాం అని అర్థం. వాట్సాప్ గ్రూపులో అయితే హోంవర్కును వాయిస్ మెసేజ్‌గా పెట్టమని అడగండి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు రోజూ రాత పని వస్తుంటే 2019 ఉత్తర్వు సంగతి మర్యాదగా గుర్తుచేయండి. ఒక్కరే వెళ్లడానికి జంకితే నలుగురు తల్లులు కలిసి వెళ్లండి. అప్పటికీ మార్పు లేకపోతే బీఈఓ కార్యాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు ఒకటి దాచుకోండి.

మన చదువుకున్న యువకులకూ ఒక పని ఉంది. రెండు భాషలూ చదవగలిగిన కాలేజీ పిల్లలు బళ్లారిలో ప్రతి వీధిలోనూ ఉన్నారు. గుడి అరుగు మీదో, దర్గా పక్కనో, సముదాయ భవనంలోనో సాయంత్రం ఒక గంట పిల్లల్ని కూర్చోబెడితే మూడో తరగతి నుంచి పైవాళ్ల హోంవర్కు అక్కడే అయిపోతుంది. ట్యూషన్ ఫీజు మిగులుతుంది.

పిల్లల మనసులో పడే గుర్తు

ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి ఒక కారణం ఉంది. ఆరేళ్ల పిల్లకు అమ్మే అన్నీ తెలిసిన మనిషి. రోజూ బడిలో "మీ అమ్మకు పట్టింపు లేదా?" అని అడిగితే ఆ పిల్ల నేర్చుకునే మొదటి పాఠం అక్షరం గురించి కాదు, అమ్మకు ఏమీ రాదని. తర్వాత అమ్మ మాట్లాడే భాష అంటే సిగ్గు మొదలవుతుంది. బడి మీటింగుకు అమ్మ రావద్దంటుంది. ఇంకొన్నేళ్లకు తనకూ చదువు రాదని నమ్ముతుంది. బడి మానేసే పిల్లల్లో కొందరి కథ ఇలాగే మొదలవుతుంది.

ఉపాధ్యాయులు ఈ వ్యాసం చదువుతుంటే ఒక్క విన్నపం. పుస్తకం ఖాళీగా వచ్చిన రోజు పిల్లను "ఎందుకు చేయలేదు" అని అడిగేముందు "మీ ఇంట్లో ఈ పుస్తకం చదవగలిగినవాళ్లు ఎవరున్నారు?" అని అడగండి. ఎవరూ లేరని చెబితే ఆ పాఠం బడిలోనే, బడి వేళల్లోనే పూర్తి కావాలి.